భూమి కదిలినప్పుడు కుండలు నిలవాలంటే: కుమ్మరి కుటుంబాలకు, కుండల వ్యాపారులకు

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదు దాకా తెలిసింది. అదే నెల 7న మహబూబ్‌నగర్ జిల్లాలోనే 3.0 తీవ్రతతో మరో చిన్న ప్రకంపన నమోదయింది. అప్పటి నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కుండలు చేసేవారు, అమ్మేవారు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మన ఊళ్లో భూమి కదిలితే సరుకు ఏమవుతుంది, కుండలు కాల్చే ఆవం ఏమవుతుంది, ముందుగా చేసుకోగలిగింది ఏమైనా ఉందా? పాత నల్లగొండ జిల్లా వారికి, ముఖ్యంగా చింతలపాలెం, మేళ్లచెరువు మండలాల వారికి ఇది కొత్త భయం కాదు. 2020 జనవరి 26న అర్ధరాత్రి దాటాక అక్కడ 4.5 దాటిన తీవ్రతతో భూమి కంపించింది. దానికి ముందూ తరువాతా చిన్న కదలికలు వస్తూనే ఉన్నాయి.

భారత ప్రమాణాల 2016 నాటి పటం ప్రకారం దక్షిణ తెలంగాణలో అత్యధిక భాగం జోన్ 2లో, అంటే తక్కువ ప్రమాదమున్న ప్రాంతంలో ఉంది. అందువల్ల ఇళ్లు కూలే స్థాయి భూకంపం ఇక్కడ అరుదు. అయితే గోడకు చిన్న బీట కూడా పెట్టలేని కదలిక సైతం మనిషెత్తు దొంతిని కూల్చగలదు, కాబట్టి ఈ ప్రాంతంలో కుండ పగలడానికి భూకంపం తీవ్రత కంటే దాన్ని నిలబెట్టిన తీరే ఎక్కువగా కారణమవుతుంది. ఆ తీరును మార్చుకోవడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. పైగా గ్రానైటు క్వారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల్లో జరిగే పేలుళ్లు, 65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగే బరువు లారీలు రోజూ తెచ్చే చిన్న చిన్న కదలికలకూ ఇవే జాగ్రత్తలు పనికివస్తాయి.

కావలసినవి

కుండ అడుగున పెట్టే కుదుళ్లకు వరిగడ్డి, గోనెసంచులు, పాత సైకిలు లేదా మోటారు సైకిలు ట్యూబులు కావాలి. నేల మీద పరుపుగా వేయడానికి ఊక లేదా జల్లించిన ఇసుక కావాలి. అరలకు రెండంగుళాల వెడల్పు వెదురు బద్దలు, నులక తాడు, ఇనుప ఎల్ క్లాంపులు, మరలు సమకూర్చుకోండి. ఆవానికి, రేకుల కప్పుకు జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ), కొక్కెం బోల్టులు అవసరమవుతాయి. పరీక్షలకు ఆరడుగుల చెక్క పలక, సుద్దముక్క, తడిగుడ్డ, బకెట్టు నీళ్లు చాలు. వీటన్నిటికంటే ముందు, పెంకుల మీద నడవడానికి మందపాటి అడుగున్న బూట్లు, తోలు చేతితొడుగులు ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

1. సరుకును దశను బట్టి విడదీయండి

ఒకే కొట్టంలో తడి ఆరని కుండలు, పూర్తిగా ఆరి కాల్పుకు సిద్ధంగా ఉన్నవి, కాలినవి కలిసి ఉంటాయి. కదలికకు ఇవన్నీ ఒకే విధంగా స్పందించవు. కొంత తడి ఉన్న కుండ సొట్టపోతుందే గాని పగలదు, దాన్ని సలప (తట్టే చెక్క), గుండు (లోపల ఆనించే రాయి) పట్టి మళ్లీ సరిచేసుకోవచ్చు. పూర్తిగా ఆరిన పచ్చి కుండ అన్నిటికంటే బలహీనమైనది, పక్క కుండ మెల్లగా తగిలినా అంచు రాలిపోతుంది. కాలిన కుండ దానికంటే గట్టిదే అయినా ఎత్తు నుంచి పడితే నిలవదు.

అలాగని నేల మీది చోటంతా ఆరిన పచ్చి కుండలకే ఇవ్వకండి. పచ్చిది పగిలితే నీళ్లలో నానవేసి మళ్లీ మట్టిగా మార్చుకోవచ్చు, పోయేది శ్రమ మాత్రమే. కాలినది పగిలితే శ్రమతో పాటు కట్టెలు, పిడకలు, ఆవం మీద గడిపిన రాత్రి కూడా పోతాయి. అందువల్ల చోటు తక్కువైతే ముందుగా పెళ్లిళ్లకు ఒప్పుకున్న ఐరేని కుండలను, ఆషాఢంలో బోనం కుండలను, తరువాత వేసవిలో నీళ్ల కోసం చేసిన పెద్ద రంజన్‌లను నేలకు దించండి. ప్రమిదలు, గురుగులు, మూకుళ్లు పైన ఉన్నా నష్టం తక్కువ. వాటిని ఊక పోసిన గోనెసంచుల్లో కట్టి పెడితే అదీ ఉండదు.

2. దొంతుల ఎత్తు తగ్గించండి

దొంతి ఎత్తు దాని అడుగు కుదురు వెడల్పుకు మూడు రెట్లు మించకూడదు. అడుగు వెడల్పు కుదురు మీద మూడడుగుల దొంతి వరకు పరవాలేదు, ఐదడుగులు పేరిస్తే మాత్రం లారీ వెళ్లినా భయమే. పెద్దవి కింద, చిన్నవి పైన అన్న నియమం అందరికీ తెలిసిందే గాని, కొనేవారి కంటికి కనిపించాలని రోడ్డు పక్క అంగళ్లలో బరువైన కుండలను పైకి ఎక్కించడం చూస్తుంటాం. అలా పేర్చక తప్పకపోతే పగలు పేర్చి, అంగడి మూసేటప్పుడు దించండి.

దొంతికి బదులుగా బోర్లించి పేర్చడం మరింత మంచి పద్ధతి. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేలకు ఒక్క బిందువు దగ్గరే ఆనుతుంది. అదే కుండను మూతి కిందికి చేసి గడ్డి మీద బోర్లిస్తే అంచు చుట్టూ ఆనుతుంది. మొదటి వరుసను ఇలా దగ్గర దగ్గరగా బోర్లించి, ప్రతి మూడు కుండల నడుమ ఏర్పడే గుంటలో గడ్డి కూరి, రెండో వరుస కుండను ఆ గుంటలో కూర్చోబెట్టండి. రెండు వరుసలతో ఆపండి. వెడల్పు మూతి ఉన్న వంట కుండలకు, అటికెలకు ఇది బాగా కుదురుతుంది. ఇరుకు మెడ కూజాలకు మాత్రం పనికిరాదు. వాటిని ఇసుక పరుపులో మూడు వేళ్ల లోతు దిగేలా నిలబెట్టడమే మేలు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు దొంతిని గోడకు ఆనించడం. గోడ ఆధారంగా ఉంటుందని అనుకుంటాం గాని, కదలిక వచ్చినప్పుడు గోడ ఒక తీరుగా, దొంతి మరో తీరుగా ఊగుతాయి, గోడే దొంతిని ముందుకు తోస్తుంది. మట్టిగోడ అయితే పైనుంచి పెళ్లలు కూడా రాలుతాయి. దొంతికీ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంచండి. దొంతుల మధ్య నడిచే దారిని కూడా రెండడుగులకు తగ్గనివ్వకండి, ఎందుకంటే బయటికి పరుగెత్తాల్సిన మనిషి దారి అదే.

3. కుదురును పరీక్షించండి

గుండ్రటి అడుగున్న కుండ నిలకడ అంతా కుదురులోనే ఉంటుంది. నీళ్ల కుండలకు వేసే వరిగడ్డి చుట్టకుదురు ఎంతో పనితనమున్న వస్తువు. అది కుండను పట్టి ఉంచుతుంది, కదలికను కొంత తానే మింగుతుంది. అయితే ఏడాది పాటు వాడిన కుదురు నలిగి బల్లపరుపుగా మారుతుంది, అప్పుడది పేరుకే కుదురు. కుండను ఎత్తి చూడండి. కుదురు మధ్య గుంటలో నాలుగు వేళ్లు దిగకపోతే కొత్తది చుట్టండి. గడ్డి దొరకని చోట పాత ట్యూబును గుండ్రంగా కట్టి, లోపల ఇసుక నింపి, పైన గోనెగుడ్డ చుడితే మంచి కుదురు తయారవుతుంది. రబ్బరు పట్టు వల్ల బండల మీద జారదు. ఇనుప రింగుల స్టాండ్లు చూడటానికి బాగుంటాయి గాని, మూడు కాళ్ల స్టాండు ఎత్తు అడుగు దాటితే, నిండు రంజన్ దాని మీద ఉంటే, నేను దాన్ని నమ్మను.

ఇప్పుడు పరీక్ష. ఆరడుగుల పలకను నేల మీద పరచి, ఒక చివర నుంచి జానెడు దూరంలో కుదురు పెట్టి, దాని మీద అంచు విరిగిన పాత కుండను ఉంచండి. రెండో చివరను మెల్లగా పైకెత్తుతూ కింద ఇటుకలు పెట్టండి. చివర అడుగు ఎత్తుకు చేరేవరకు కుండ దొర్లకుండా, కుదురు జారకుండా ఉంటే ఆ కుదురు పనికివస్తుంది. ముందే దొర్లితే గుంట చాలలేదని, కుదురే జారితే కింద పట్టు చాలలేదని అర్థం. తరువాత రెండు, మూడు కుండల దొంతితో ఇదే చేసి చూడండి.

ఈ వాలు బరువులో సుమారు ఆరో వంతు బలం పక్కకు లాగినట్లు పనిచేస్తుంది. జోన్ 2 కట్టడాల లెక్కల్లో వాడే 0.10 గుణకం కంటే ఇది ఎక్కువే. కాబట్టి పరీక్షలో నిలిచిన కుండకు మంచి అవకాశం ఉంది, అయినా దీన్ని హామీగా తీసుకోకండి, ఎత్తైన అరల మీద ఊపు నేల మీదకంటే పెరుగుతుంది.

4. అరలను కట్టిపడేయండి

మన ప్రాంతంలో అరలంటే సాధారణంగా ఇటుకలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటిపై షాబాద్ బండలు పరిచినవే. సున్నం గాని, సిమెంటు గాని లేకుండా కేవలం బరువు మీద నిలిచే ఈ అమరిక పక్కకు వచ్చే తోపును ఏమాత్రం ఆపలేదు. పైగా కూలితే కుండలతో పాటు బండ కూడా మనిషి కాళ్ల మీద పడుతుంది. ఇలాంటి అర మీ దగ్గర ఉంటే అది నడుము ఎత్తు దాటకుండా చూసుకోండి, ఇటుకల దిమ్మెలను సిమెంటుతో కట్టించండి, బండకూ దిమ్మెకూ మధ్య ట్యూబు ముక్కలు పరచండి. స్తోమత ఉంటే ఇనుప యాంగిల్ అరలకు మారడం మేలు.

కర్ర అర అయినా ఇనుప అర అయినా పై భాగాన్ని రెండు చోట్ల ఎల్ క్లాంపులతో గోడకు బిగించాలి. మట్టిగోడలో మర నిలవదు, కాబట్టి అక్కడ అరను దూలానికి లేదా కప్పును మోసే నిట్టాడికి జీఐ తీగతో కట్టండి. రెండు అరలు ఎదురెదురుగా ఉంటే వాటి పైభాగాలను అడ్డకర్రతో కలపడం మరో మార్గం. ప్రతి వరుస ముందు అంచున వెదురు బద్దను రెండంగుళాల ఎత్తు నిలిచేలా మేకులు కొట్టండి. పెద్ద కుండలుంటే కుండ నడుము ఎత్తున నులక తాడును అడ్డంగా లాగి కట్టండి. ఇది సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అరను భుజం ఎత్తున రెండు అరచేతులతో పట్టి ముందుకూ వెనక్కూ ఊపండి. వేలి మందం కంటే ఎక్కువ కదిలితే బిగింపు చాలలేదు.

అమ్మకానికి ప్రదర్శించే నగిషీ కుండల విషయంలో జపాన్ మ్యూజియంల పద్ధతి మనకూ సులభమే. వారు కుండ అడుగున చిన్న ఇసుక సంచి వేసి బరువును కిందికి తెస్తారు, చేపల గాలానికి వాడే సన్నటి నైలాన్ దారంతో మెడను పలకకు కడతారు. దారం కొనేవారి కంటికి దాదాపు కనిపించదు. అయితే మెడకు బిగించి కట్టకండి, కొద్దిగా వదులు లేకపోతే దారమే మెడను విరిచే ప్రమాదం ఉంది.

5. కప్పునూ ఆవాన్నీ చూసుకోండి

గాలికి లేవకుండా రేకుల మీద రాళ్లు పెట్టడం మన దగ్గర ఎంత మామూలో, భూమి కదిలినప్పుడు అవి అంత ప్రమాదం. వాటిని దించి, రేకులను కొక్కెం బోల్టులతో వాసాలకు బిగించండి. గూనపెంకుల కప్పు అయితే చూరు దగ్గరి రెండు వరుసలను, తలుపు మీది పెంకులను మట్టితో అతికించండి. మనుషులు బయటికి వచ్చే చోటే ముందుగా రాలేవి అవి.

కుండ కంటే పెద్ద నష్టం ఆవానిది. 2011 మార్చి 11న జపాన్‌లో వచ్చిన మహా భూకంపంలో కుండల పనికి పేరొందిన మషికో పట్టణంలో విరిగిన పాత్రలతో పాటు కొండవాలున మెట్లు మెట్లుగా కట్టిన ఇటుక ఆవాలు కూలిపోయాయి, ప్రఖ్యాత కుమ్మరి కళాకారుడు హమాదా షోజి వాడిన ఆవం కూడా వాటిలో ఉంది. పాత్రలను మళ్లీ చేసుకోగలిగినవారికి కూడా ఆవం లేక పని ఆగింది. మన ఆవాలు అంత ఎత్తైనవి కావు. నేలకు దగ్గరగా, గుండ్రంగా, మట్టితో కట్టినవి కాబట్టి ఈ విషయంలో మనకు కొంత ఊరట ఉంది. నడుము ఎత్తుకు మించి ఇటుకతో కట్టిన ఆవం అయితే, బయటి గోడ చుట్టూ జీఐ తీగను రెండు చోట్ల, పైన ఒకటి, మధ్యలో ఒకటి, బిగించి చుట్టండి. తీగ లోపలి వేడికి దూరంగా బయటి గోడ మీదే ఉండాలి. పొగగొట్టం ఉంటే దానికి మూడు వైపుల నుంచి తీగలు లాగి నేలలో గూటాలకు కట్టండి.

ఊక, గడ్డి, పిడకల నిల్వ ఆవానికి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. కుండలను కాపాడటానికి తెచ్చిన ఊకే నిప్పు అంటుకుంటే, భూకంపం చేయని నష్టం అది చేస్తుంది.

చివరగా, ఆవం గోడకు ఇప్పటికే ఉన్న బీటలన్నిటినీ సుద్దముక్కతో గుర్తించి, పక్కన తేదీ రాసి, ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి. దీని ఉపయోగం తొమ్మిదో మెట్టులో తెలుస్తుంది.

6. భూమి కదులుతున్నప్పుడు

కుండను పట్టుకోవడానికి పరుగెత్తకండి. ఈ ఒక్క మాట ఇంట్లో పిల్లలకు, సాయానికి వచ్చే బంధువులకు గట్టిగా చెప్పి ఉంచాలి, ఎందుకంటే చేతిపని చేసేవారికి పడిపోతున్న వస్తువును పట్టుకోవడం ఆలోచన లేకుండా జరిగే పని. సారె (కుమ్మరి చక్రం) ముందు కూర్చుని ఉంటే, బయటి ఖాళీ స్థలం నాలుగు అడుగుల్లో ఉంటే అటు వెళ్లండి. లోపలే ఉండిపోవలసి వస్తే అరలకు, దొంతులకు దూరంగా, గట్టి బల్ల కిందకు చేరి తల కప్పుకోండి. కరెంటు సారె అయితే చేతికి అందే దూరంలో ఉంటేనే స్విచ్చు ఆపండి, దాని కోసం వెనక్కి తిరిగి వెళ్లకండి.

ఆవం మండుతుండగా కదలిక వస్తే వెంటనే దాని నుంచి దూరంగా, గాలి ఏ వైపు నుంచి వీస్తోందో ఆ వైపుకు జరగండి. పై కప్పు మట్టి, పెంకులు జారి, లోపలి మంట ఒక్కసారిగా బయటికి రావచ్చు.

7. ఆగిన తరువాత మొదటి కొన్ని గంటలు

వచ్చింది భూకంపమా, క్వారీ పేలుడా అన్న అనుమానం ఉంటే జాతీయ భూకంప కేంద్రం వారి భూకంప్ యాప్‌లో చూడవచ్చు. మరో పెద్దది రాత్రికి వస్తుందంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలను పట్టించుకోకండి. భూకంపం వచ్చే రోజును, గంటను ముందే చెప్పే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. అయితే ఒక కదలిక తరువాత చిన్నవి మరికొన్ని రావడం సహజం, కాబట్టి ఒరిగి నిలిచిన దొంతులను వెంటనే సరిచేయబోకండి. దూరం నుంచి తాడు కట్టి లాగి పడేయడం, పక్కన నిలబడి ఎత్తడం కంటే మంచిది.

మండుతున్న ఆవం మీద నీళ్లు మాత్రం పోయకండి. వేడెక్కిన కుండలన్నీ ఒకేసారి బీటలు వారతాయి, ఆవిరి మనిషిని కాలుస్తుంది. కప్పులో పగుళ్లు కనిపిస్తే పొడవాటి కర్రకు కట్టిన గరిటెతో తడిమట్టిని దూరం నుంచి పూడ్చండి. పెద్ద రంధ్రం పడితే కొత్త కట్టె వేయడం మాని, ఉన్న మంటను దానంతటదే తగ్గనివ్వండి. ఆ ఆవాన్ని మరునాడు సాయంత్రం దాకా తెరవకండి. సుమారు 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగురాయి (క్వార్ట్జ్) కణాలు ఒక్కసారిగా కుంచించుకుంటాయి. ఆ వేడి దాటేటప్పుడు చల్లగాలి తగిలితే, కదలికకు నిలిచిన కుండ కూడా చల్లారడంలో పగులుతుంది. తొందరపడి తెరిచి, పగుళ్లకు భూకంపాన్ని నిందించేవారు చాలామందే ఉంటారు.

ఏదీ ఎత్తకముందే ఫొటోలు తీయండి. పగిలిన సరుకు, విరిగిన పనిముట్లు, ఆవం, కొట్టం, ప్రతిదీ రెండు వైపుల నుంచి తీసి, లెక్క కాగితం మీద రాయండి. విపత్తు సహాయ నిబంధనల్లో భూకంపం ఉంది, చేతివృత్తుల వారి పనిముట్లకు, ముడిసరుకుకు, తయారైన సరుకుకు జరిగిన నష్టం ప్రస్తావన కూడా ఉంది. తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు ఇచ్చి పంచనామా కోరాలంటే ఈ ఆధారాలే అక్కరకు వస్తాయి. చాలా ఊళ్లలో వాకిలి శుభ్రం చేయాలన్న తొందరలో పెంకులు ముందుగా పెంటకుప్ప చేరుతాయి, ఆధారం దానితోనే పోతుంది.

8. నిలిచిన కుండలను పరీక్షించండి

పడని కుండ పగలని కుండ అనుకోకూడదు. పక్కదానికి తగిలి కంటికి కనిపించని నెర్రె వచ్చి ఉండవచ్చు. అలాంటి కుండ మీ దగ్గర నిలిచినా, కొన్నవారి పొయ్యి మీద వేడి అన్నంతో సహా విడిపోతుంది. మూడు పరీక్షలు ఈ వరుసలోనే చేయండి.

మొదటిది మోత. కుండను మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టి, వేలి కణుపుతో నడుము మీద కొట్టండి. మంచిది కంగుమని మోగి, మోత కాస్త నిలుస్తుంది. నెర్రె ఉన్నది డబ్బుమని ఆగిపోతుంది. తడి కుండ, ఇసుక మీద కూర్చుని ఉన్న కుండ బాగున్నా మోగవు, కాబట్టి ఆరిన కుండను ఎత్తి పట్టుకునే కొట్టాలి. చాలామంది ఇక్కడే పొరబడి మంచి సరుకును పక్కన పడేస్తారు.

రెండోది తడిగుడ్డ. అనుమానం వచ్చిన కుండను బయట అంతా తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఎండలో పెట్టండి. కుండ ఒళ్లంతా త్వరగా ఆరిపోయి, నెర్రె ఉన్న చోట మాత్రం నల్లటి సన్నని గీత కొంతసేపు నిలుస్తుంది. గీత మొదలూ చివరా సుద్దతో గుర్తించండి.

మూడోది నీళ్లు. నీళ్ల కుండలకు, రంజన్‌లకు ఇది తప్పనిసరి. నిండా నింపి ఊక మీద పెట్టండి. చెమ్మ రావడం లోపం కాదు, ఆ చెమ్మ వల్లనే నీళ్లు చల్లబడతాయి. చూడవలసింది చెమ్మ వచ్చే తీరు. కుండంతా సమానంగా మెల్లగా తడిస్తే మంచిది, మిగతా ఒళ్లు పొడిగా ఉండగానే ఒక గీత వెంట నీళ్లు ముత్యాల్లా నిలిస్తే అది నెర్రె. ఒక రాత్రి ఉంచి, తెల్లవారి కింది ఊకను చూడండి. ఒకే చోట ముద్దగా తడిసి ఉంటే ఆ కుండను నీళ్లకు అమ్మకండి.

కాల్పు మధ్యలో కదలిక వచ్చిన ఆవం నుంచి తీసిన సరుకుకు మరో పరీక్ష అవసరం. ఒక పెంకు ముక్కను రాత్రంతా నీళ్లలో నానవేయండి. ఉదయానికి అంచులు వేలితో నలిపితే బురదలా మెత్తబడితే ఆ కుండలు కాలలేదు. వాటిని పూర్తిగా ఆరబెట్టి మళ్లీ కాల్చుకోవచ్చు.

9. ఆవాన్ని బాగుచేసి, మొదటి కాల్పు చేయండి

పాత బీటకు అంచుల్లో మసి ఉంటుంది, కొత్త బీట అంచులు శుభ్రంగా, మట్టి రంగులోనే కనిపిస్తాయి. ముందుగా సుద్దతో గుర్తించి ఫొటో తీసుకున్నవారికి ఈ తేడా మరింత సులభంగా తెలుస్తుంది. కొత్త బీట మీద అడ్డంగా పలుచటి సున్నపు పట్టీ వేసి వారం రోజులు వదిలేయండి. పట్టీ పగలకపోతే గోడ నిలిచిందని, పగిలితే ఇంకా కదులుతోందని అర్థం. కదులుతున్న గోడను పూడ్చి లాభం లేదు, ఆ భాగాన్ని విప్పి మళ్లీ కట్టాలి.

బాగుచేసిన ఆవం మళ్లీ కూలవచ్చన్న భయం ఊరికే చెప్పేది కాదు. జపాన్‌లోని నోతో ద్వీపకల్పంలో సుజు నగర కుమ్మరులు 2023 మే నెల భూకంపంలో దెబ్బతిన్న ఆవాలను కష్టపడి మళ్లీ నిలబెట్టుకుంటే, 2024 జనవరి 1న వచ్చిన మరింత పెద్ద భూకంపం వాటిని మళ్లీ కూల్చింది. అంతటి ముప్పు మనకు లేదు. అయినా ఒక వారం ఆగడం వల్ల పోయేదేమీ లేదు.

పూడ్చడానికి సిమెంటు వాడకండి. ఆవం మరమ్మతుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. సిమెంటు ఆవం వేడికి పొడిబారి రాలిపోతుంది, రాలేటప్పుడు పక్కనున్న మట్టిని కూడా లాక్కుపోతుంది. ఆవం కట్టిన మట్టినే తీసుకుని, అందులో జల్లించిన పెంకు పొడి, ఇసుక, కొంత ఊక కలిపి రెండు రోజులు నానవేసి తొక్కండి. పగిలిన కుండల పెంకులకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు, పెంకు పొడి మట్టి కుంచించుకోవడాన్ని తగ్గిస్తుంది. బీటను లోపలి దాకా గీకి, నీళ్లతో తడిపి, మిశ్రమాన్ని వేళ్లతో లోతుగా కూరాలి. పైపైన పూస్తే మొదటి కాల్పుకే ఊడి వస్తుంది.

పూత పూర్తిగా ఆరాక, లోపల కుండలు లేకుండా సన్నటి కట్టెలతో చిన్న మంట సాయంత్రం వరకు పెట్టండి. మరునాడు తెల్లవారకముందు, చీకటి ఉండగానే, మరోసారి మంట పెట్టి ఆవం చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడైనా వెలుగు గీతలా కనిపిస్తే అక్కడ పూడిక చాలలేదు. వెలుగు కనిపించకపోతే గురుగులు, ప్రమిదల వంటి చిన్న సరుకుతో ఒక కాల్పు చేసి, అది బాగా వచ్చిన తరువాతే రంజన్‌లు, ఐరేని కుండలు ఎక్కించండి.

నెర్రె పడిన సరుకు

నెర్రె ఉన్న కుండను మైనంతో, రంగుతో, జాజు (ఎర్రమట్టి) పూతతో కప్పి అమ్మడం మానండి. వంటకు, నీళ్లకు పనికిరాని కుండ మొక్కలకు, పిచ్చుకల గింజలకు, పొడి ధాన్యానికి బాగానే పనికివస్తుంది. కొనేవారికి విషయం చెప్పి తక్కువ ధరకు ఇవ్వండి. మంచి సరుకులో కలవకుండా ఉండటానికి అలాంటి ప్రతి కుండ అడుగున జాజుతో ఒక అడ్డగీత గీసి, వేరే అరలో, అదీ కింది వరుసలోనే పెట్టండి, ఎందుకంటే నెర్రె ఉన్నది తరువాతి చిన్న కదలికకే విడిపోతుంది.